నూరు పొట్టేళ్లలో ఒక మొగుడు

మజ్జిగన్నం ఆఖరి ముద్ద మింగి "వంట అమోఘం" అనబోయిన సువీర మహారాజు "మ్మే" అన్నాడు.

ఉన్నికోట రాజభవనం వంటసాలలో అప్పుడు ముగ్గురే ఉన్నారు. పీట మీద సువీరుడు, ఆయనకి కుడిపక్క గరిటెతో పెద్దరాణి మేదిని, ఎడమపక్క విసనకర్రతో చిన్నరాణి తరళ. పొలమారిందనుకుని మేదిని నీళ్లచెంబు అందించింది. రెండో "మ్మే"కి తలపాగాని చీల్చుకుని రెండు వంకర కొమ్ములు బయటికొచ్చాయి. మూడో "మ్మే"కి పీట మీద రాజు లేడు, నిగనిగలాడే నల్ల పొట్టేలు ఉంది. అది అటూ ఇటూ చూసి, బంగారు కంచం తొక్కి, గడప దూకి, ఉత్తరాన బూడిదకొండ దారి పట్టి దౌడు తీసింది.

రాణులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో భయం ఉంది గానీ, చేసిన పని బయటపడిందన్న కంగారు అంతకంటే ఎక్కువగా ఉంది.

"మజ్జిగలో ఏం కలిపారు పెద్దరాణీగారూ?" అంది తరళ.

"మీరు పాయసంలో కలిపిందేమిటో ముందు సెలవియ్యండి" అంది మేదిని.

ఇద్దరూ కలిపారు. ఎందుకు కలిపారో తెలియాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి. అక్కడ ఎక్కువసేపు కూర్చోం, అవతల పొట్టేలు పరుగెత్తుతోంది.

సువీరుడు పుట్టుకతో మణిమంతపురం రాకుమారుడు. అన్నగారి కోపానికి జడిసి, గొర్రెల కాపరి వేషం వేసుకుని ఉన్నికోట చేరాడు. అప్పట్లో ఆ దేశాన్ని ఏలేవాడు కంబళరాయుడు. ఆయనకి కొండల నిండా గొర్రెలు, కడుపు నిండా జిత్తులు, ఇంట్లో ఇద్దరు కూతుళ్లు. చిన్నకూతురు తరళని చూసి సువీరుడు మనసు పారేసుకున్నాడు. ఏడేళ్లు మంద కాస్తే పిల్లనిస్తానన్నాడు రాయుడు. కాశాడు. అయితే ఉన్నికోట పెళ్లిళ్లకి ఒక ఆచారం ఉంది. పెళ్లికూతురు నడినెత్తి నుంచి పాదాల దాకా నల్లగొంగడి కప్పుకుని కూర్చోవాలి. అత్తింటి గడప దాటేదాకా మొహం చూపకూడదు, పెదవి విప్పకూడదు. మామగారి సంగతి ఎరిగిన సువీరుడు తరళతో ముందే ఒక గుర్తు అనుకున్నాడు. ఉన్నికోటలో పుట్టి ఉన్ని పడని పిల్ల తరళ ఒక్కతే. గొంగడి సోకితే చాలు, వరసగా మూడు తుమ్ములు తుమ్మేది. "పందిట్లో మూడు తుమ్ములు వినపడితేనే తాళి కడతాను" అన్నాడు సువీరుడు.

ముహూర్తం వేళకి గొంగడి కింద నుంచి మూడు తుమ్ములు వినపడ్డాయి. పురోహితుడు అపశకునమని గొణిగాడు. పెళ్లికొడుకు మాత్రం పరమానందంగా మూడు ముళ్లూ వేసేశాడు. గడప దాటాక గొంగడి తీస్తే లోపల పెద్దకూతురు మేదిని ఉంది.

"పెద్దపిల్ల ఉండగా చిన్నపిల్లకి పెళ్లి చేయడం మా వంశంలో లేదు నాయనా. చెప్పడం మరిచాను" అన్నాడు కంబళరాయుడు.

మరో ఏడేళ్లు కాయడానికి ఒప్పుకుని, వారం తిరక్కుండా తరళనీ కట్టుకున్నాడు సువీరుడు. తుమ్ముల గుట్టు కనిపెట్టి పెద్దకూతురికి నేర్పింది మామగారేనని ఆయన నమ్మకం. రాయుడు ముసలివాడై, రాజ్యం అల్లుడి చేతిలో పెట్టి, ఊరి చివర ఒంటరిగా ఉంటున్నా, సువీరుడు ఒక్కసారీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇక ఇంట్లో సంగతి. మేదినికి ముగ్గురు కొడుకులు పుట్టారు, మొగుడి మనసు దక్కలేదు. తరళకి మొగుడి మనసు దక్కింది, కడుపు పండలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇక్కడ పొరుగిల్లు కూడా కాదు, నడవా అవతలి గది. తరళ జడలో ఆయన తురిమిన మల్లెచెండు కనబడితే ఆ పూట మేదినికి అన్నం సహించేది కాదు. మేదిని పిల్లలు "అమ్మా" అంటూ పరుగెత్తుకొస్తే తరళ తన గది తలుపు మూసుకునేది. పెళ్లయిన నాటి నుంచి ఒకరినొకరు అక్కా అనీ చెల్లీ అనీ పిలుచుకోలేదు. పెద్దరాణీగారు, చిన్నరాణీగారు, అంతే.

మొన్న శుక్రవారం ఒంటినిండా విభూతి పూసుకున్న ముసలి సాధువు ఒకడు ముందు గుమ్మంలోకి వచ్చి, మొగుడి మనసు తిప్పే మందని మేదినికి ఒక పొట్లం ఇచ్చాడు. అట్నుంచి పెరటి గుమ్మంలోకి వెళ్లి, కడుపు పండే మందని తరళకి ఇంకో పొట్లం ఇచ్చాడు. పున్నమినాటి భోజనంలో మొగుడికి కలిపి పెట్టమన్నాడు. రెండోదానికి తెలియనివ్వవద్దని ఇద్దరికీ గట్టిగా చెప్పాడు. ఆ ముక్క చెప్పకపోయినా ఫరవాలేదు, వాళ్లు ఎలాగూ చెప్పుకోరు.

ఆ రెండు మందులూ ఒక కడుపులో పడితే ఏమవుతుందో ఇప్పుడు కళ్లారా చూశారు.

సేనాపతిని పిలిచి "రాజుగారు పొట్టేలయ్యారు, మేమే చేశాం" అని చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. "నాకు తలనొప్పి" అని మేదిని ఒక గదిలోకి, "నాకు కడుపునొప్పి" అని తరళ ఇంకో గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నారు. కాసేపటికి మేదిని గది కిటికీలోంచి ఉప్పుమూట భుజాన వేసుకుని, గొంగడి చంకన పెట్టుకుని, ఉప్పమ్మేవాడొకడు కిందికి దిగాడు. మూతికి పొట్టేలుబొచ్చు మీసం, తుమ్మబంకతో అంటించింది. తండ్రి లేని పిల్లల్ని ముగ్గుర్ని పెట్టుకుని ఏం చేయాలి అన్న దిగులు మేదినికి నిజంగానే ఉంది. దాని వెనక ఇంకో ఆశ కూడా ఉంది. తానే వెళ్లి తెస్తే, ఆయన ఒక్కసారైనా తనవైపు తలతిప్పి చూడకపోతాడా అని.

పొట్టేలు డెక్కల జాడ పట్టుకుని ఆమె పాతాళపుగండి దగ్గరికి చేరేసరికి ఒడ్డున కాషాయం కట్టుకున్న యోగిని ఒకతె కూర్చుని ఉంది.

"ఎక్కడికి తల్లీ ప్రయాణం?" గొంతు బొంగురు చేసుకుని అడిగింది మేదిని.

"తీర్థయాత్రకి నాయనా" అంటూ తల ఎత్తిన యోగిని ముక్కు ఎగబీల్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. ఒకటి, రెండు, మూడు. మూడో తుమ్ముకి మేదిని మీసం సగం ఊడి గడ్డం మీదికి వేలాడింది.

"చిన్నరాణీగారికి కాషాయం బాగా నప్పింది" అంది మేదిని. "పదేళ్ల క్రితమే కట్టుకుని ఉంటే నాకు సుఖంగా ఉండేది."

"పెద్దరాణీగారికి మీసం కొత్తగా పెట్టినట్టే లేదు" అంది తరళ.

ఆ గండి లోతు చూస్తే కళ్లు తిరుగుతాయి. అడుగున ఏరు ఉందంటారు గానీ దాని చప్పుడు పైదాకా రాదు. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒకటే మోకు, మోకుకి వేలాడుతూ ఒక్క మనిషి పట్టే వెదురుబుట్ట. ముందు నేనంటే నేనని ఇద్దరూ బుట్ట పట్టుకున్నారు. ముందు వెళ్లినది అవతలి ఒడ్డున మోకు కోసేస్తుందని ఇద్దరికీ అనుమానం. చివరికి ఇద్దరూ అందులోనే ఇరుక్కున్నారు.

నడిమధ్యలో ఉండగా మబ్బు కమ్మినట్టయింది. రెండు తలల గండభేరుండ పక్షి ఒకటి రెక్కలు చాచి బుట్ట మీదికి దిగింది. కుడితల మేదినిని చూసి నోరు తెరిచింది, ఎడమతల తరళని చూసి నోరు తెరిచింది. అంతలో కుడితలకి తరళ బొద్దుగా కనబడింది, ఎడమతలకి మేదిని బొద్దుగా కనబడింది. "మంచిది నువ్వు కొట్టేస్తావా" అన్నట్టు రెండు తలలూ ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలెట్టాయి. రక్తాలు కారేలా పొడుచుకుని, రెక్కలు ఆడించడం మరిచిపోయి, పక్షి గిరగిరా తిరుగుతూ గండిలోకి పడిపోయింది.

"ఎంత తెలివితక్కువ పక్షి" అంది మేదిని.

"కడుపు ఒక్కటేనని కూడా తెలియదు దానికి" అంది తరళ.

ఆ మాట తమకి కూడా తగులుతుందేమోనన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. మోకు లాక్కుంటూ ఒడ్డు చేరారు.

బూడిదకొండ నిజంగానే బూడిదరంగులో ఉంది. చెట్లకి ఆకులు బూడిద, చెలమలో నీళ్లు బూడిద, గడ్డి మీద మంచు కూడా బూడిద. ఎక్కేకొద్దీ గాలిలో కాలిన మూలికల వాసన ముక్కుపుటాలని మండించింది. కొండ నెత్తిన రాతిగుహ, గుహ ముందు పచ్చిక బయలు, బయలు నిండా నల్ల పొట్టేళ్లు. గుహ ద్వారం దగ్గర కొమ్ములతో చేసిన ఆసనం మీద మొన్నటి సాధువు కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతున్నాడు. పక్కన బూడిదకుండ ఉంది. అతని జుట్టులోంచి సన్నగా పొగ లేస్తోంది. వాడు సాధువు కాదు, ధూమకేశుడనే మాంత్రికుడు.

"రండమ్మా, రండి. ఆ మీసం తీసేయ్ తల్లీ, దురద పెడుతుంది" అన్నాడు వాడు. "మొగుణ్ని వెతుక్కుంటూ నా కొండ ఎక్కిన ఆడవాళ్లు ఇన్నేళ్లలో మీరే."

"మా ఆయన ఎక్కడ?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"అక్కడే మేస్తున్నాడు. మీవాడితో నూరు నిండాయి. ఈ నూరు పొట్టేళ్ల ఉన్నితో గొంగడి నేసి కప్పుకుంటే నాకిక చావు లేదు. రేపు పొద్దున్నే బొచ్చు కత్తిరిస్తాను. ఒకసారి కత్తెర పడిందంటే వాళ్లు మళ్లీ మనుషులు కావడం కల్ల." కదురు ఆపి నిట్టూర్చాడు. "అయితే మా గురువుగారు పెట్టిన నియమం ఒకటి ఏడిసింది. పెళ్లాం వచ్చి అడిగితే, పొద్దు గుంకేలోగా మొగుణ్ని గుర్తుపట్టి కొమ్ము పట్టుకోనివ్వాలి. పట్టుకుంటే వాడు మనిషవుతాడు. తప్పు కొమ్ము పట్టుకుంటే పట్టుకున్నవాళ్లు గొర్రెలవుతారు."

"మేము ఇద్దరం కదా" అంది తరళ.

"నియమం ఒక పెళ్లానికే. ఒకతె మొగుణ్ని తీసుకుపోతుంది. రెండోదాని మీద బూడిద చల్లుతాను, అది నా మందలో గొర్రెగా ఉంటుంది. పేర్లు చెప్పండి. పేరు పెట్టి చల్లితేనే నా విద్య పారుతుంది. పేరొకరిదీ ఒళ్లొకరిదీ అయిందా, తిరిగొచ్చి నా నెత్తినే పడుతుంది. అందుకే పని మొదలెట్టే ముందు అడిగి పెట్టుకుంటాను."

పేర్లు చెప్పారు. చెప్పాక గానీ ఇద్దరికీ లెక్క బోధపడలేదు. వచ్చింది ఇద్దరు, తిరిగి వెళ్లేది ఒక్కరే.

మేదిని గొర్రెల మధ్య పుట్టి పెరిగిన మనిషి. వెయ్యి గొర్రెల్లో తన గొర్రెని చెవి చూసి చెప్పగలదు. ఇక్కడ నూరింటికీ ఒకే చెవులు, ఒకే కొమ్ములు, ఒకే నలుపు. ఉప్పుమూట విప్పి బండ మీద పోసింది. గొర్రెలైతే ఎగబడి నాకుతాయి, మనిషైతే వెనకాడతాడు కదా అని ఆమె ఉపాయం. నూరు పొట్టేళ్లూ ఉప్పుకేసి చూశాయి, నూరూ మొహం తిప్పుకున్నాయి. ఒక్కటీ నెమరు వేయడం లేదు కూడా. ఉప్పు వద్దనే మందని మేదిని పుట్టి ఎరగదు. ఏదో మతలబు ఉందనిపించింది గానీ తరళకి చెప్పలేదు. చెబితే ఆ తెలివితో అది ముందు పట్టుకుపోతుంది.

తరళ ఒక్కో పొట్టేలు దగ్గరికీ వెళ్లి, తుమ్ముకుంటూ, "ప్రభూ" అని తీయగా పిలుస్తోంది. పిలిచిన ప్రతి పొట్టేలూ ఆశగా తల ఎత్తుతోంది.

"ఆయన ఎప్పుడూ తూర్పుకే తిరిగి నిలబడతారు" అంది మేదిని. అబద్ధం.

"ఆయన ఎడమకాలు కాస్త ఈడుస్తారు, పెద్దరాణీగారికి తెలియదు కాబోలు" అంది తరళ. అదీ అబద్ధమే.

తూర్పుకి తిరిగిన పొట్టేలు కోసం ఒకతె, కాలీడ్చే పొట్టేలు కోసం ఒకతె తిరిగీ తిరిగీ ఒకరికొకరు ఢీకొన్నారు. పొద్దు అప్పటికే పడమటి వాలుకి జారింది.

"మీ పాయసమే కొంప ముంచింది" అంది మేదిని.

"మీ మజ్జిగ మాత్రం తేల్చిందా?" అంది తరళ. "నాడు గొంగడి కింద దూరి నా మొగుణ్ని ఎగరేసుకుపోయారు. ఇవాళ పొట్టేలుని కూడా ఎగరేసుకుపోదామని వచ్చారు."

"నీ మొగుడా? తాళి ముందు ఎవరి మెడలో పడిందే?"

"తుమ్ములు దొంగిలిస్తే పడింది. ఆ ముక్కు తుమ్మితే ఊడిపోయేలా ఉంటే బాగుండేది."

"పదేళ్లుగా నవ్వు నీకు, మాట నీకు, మల్లెచెండు నీకు. నాకేం మిగిలిందే?"

"ముగ్గురు కొడుకులు మిగిలారు. చాలరా?"

గొంతులు కొండ గుహల్లో మారుమోగాయి. అప్పుడు నేల అదిరింది. వెనక్కి తిరిగి చూసేసరికి పచ్చిక బయలు ఖాళీ. నూరు పొట్టేళ్లూ నోరెత్తకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ, పెద్దబండ వెనక్కి నక్కుతున్నాయి. ఆఖరిది తోక కూడా లోపలికి లాక్కుంది.

మేదిని బండ వైపు తేరిపార చూసింది. సువీరుడి పద్ధతి అదే. నడవాలో అక్కాచెల్లెళ్ల గొంతు లేచిందంటే ఆయన పిల్లిలా గుర్రపుసాలలోకి జారుకునేవాడు. పదేళ్ల అలవాటు. మొగుణ్ని దాంతోనే పట్టేయవచ్చు అనుకోవడానికి లేదు, మందకి మంద అదే పని చేసింది.

"వీటిలో గొర్రెన్నది ఒక్కటీ లేదు" అంది మెల్లిగా. "అందరూ మొగుళ్లే. ఇద్దరేసి పెళ్లాల మొగుళ్లు. ప్రతి ఇంట్లోనూ వీడు రెండు పొట్లాలు పంచాడు."

"మరి ఆ పెళ్లాలు ఎవరూ రాలేదేం?"

"పెద్దదేమో చిన్నదాని గదిలో ఉన్నాడనుకుని ఉంటుంది. చిన్నది పెద్దదాని గదిలో ఉన్నాడనుకుని ఉంటుంది."

గుహ ముందు ధూమకేశుడు కదురు తిప్పుతూ కిసుక్కున నవ్వాడు. "పెళ్లాలిద్దరూ మాట్లాడుకునే ఇల్లు ఇంతవరకు నాకు తగల్లేదమ్మా. అదే నా పెట్టుబడి."

అక్కాచెల్లెళ్లు ఉప్పుబండ మీద కూలబడ్డారు. పొద్దు కొండకి బారెడు ఎత్తున ఉంది. తరళ ముక్కు ఎర్రగా వాచిపోయి ఉంది, కళ్లలో నీళ్లు. ఉన్ని పడని మనిషి ఈ మందలో గొర్రె అయితే ఒక్క రోజు బతకదు. ఒంటి మీద ఉన్ని పెరుగుతుంది, పారిపోవడానికి ఉండదు. చిన్నప్పుడు తుమ్ములు ఎక్కువై అల్లాడితే ఎత్తుకుని వీధిలో తిప్పినది మేదినే. అది గుర్తొచ్చి ఆమె తరళ వైపు తిరిగింది.

"చెల్లీ" అంది. పదేళ్లుగా వాడని మాట, కాస్త తుప్పు పట్టిన గొంతుతో వచ్చింది. "ఆయన ఎక్కడున్నా నువ్వు పట్టుకో. నేను ఉండిపోతాను. నాకు గొర్రెలు అలవాటే. పిల్లలు ముగ్గురూ నీ దగ్గరుంటారు. చిన్నవాడికి పప్పులో నెయ్యి కాస్త ఎక్కువ వెయ్యాలి, లేకపోతే తినడు."

తరళ తుమ్మడం మానేసి చూసింది.

"ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, మళ్లీ నోరుండదు. ఆనాడు నాన్న నన్ను బలవంతంగా కూర్చోబెట్టాడని అందరూ అనుకుంటారు. కాదు. నేనే నాన్న కాళ్లు పట్టుకుని అడిగాను. ఏడేళ్లు ఆయన మన గుమ్మం ముందు నుంచి మంద తోలుకెళ్తుంటే, నీ ఒక్కదానికేనా కళ్లున్నాయి?"

తరళ బండ మీది ఉప్పుని వేలితో ఒకచోటికి పోగుచేసింది. పెద్దబండ వెనక నుంచి నూరు పొట్టేళ్లూ చెవులు రిక్కించి వింటున్న సంగతి ఇద్దరూ గమనించలేదు.

"గొంగడి కింద నీ చేతిలో మిరియాల పొడి పెట్టిందెవరు అక్కా?" అంది చివరికి.

"నాన్న పంపిన దాసి. ఇంకెవరు?"

"నేను."

మేదిని తల తిప్పింది.

"పందిట్లో పెళ్లికొడుకు కాదన్న పిల్లకి తల గొరిగి, జన్మంతా గొర్రెలదొడ్డికి కాపలా పెడతారు కదా మన దేశంలో. తుమ్ము వినపడకపోతే ఆయన లేచిపోతాడు. నీ జుట్టు కత్తిరించడం నేను చూడలేను అనుకున్నాను. ఆయనకి కూడా చెప్పలేదు. నాన్నని తిడుతుంటే తిట్టనిచ్చాను." తరళ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇచ్చానే గానీ, ఇచ్చినందుకు ఆ వారమంతా ఏడ్చాను. తరవాత నీకు పెద్దవాడు పుట్టాడు, మళ్లీ ఏడ్చాను. ఇచ్చినవాళ్లు గొప్పగా ఉంటారంటారు. నేను అలా ఉండలేకపోయాను."

మేదిని చెల్లెలి పక్కకి జరిగింది. తరళ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

బండ వెనక అలజడి రేగింది. తొంబై తొమ్మిది పొట్టేళ్లని తోసుకుంటూ ఒకటి బయటికి వచ్చింది. వచ్చి వాళ్ల ముందు నిలబడింది. నోరు తెరిచి ఉంది. అక్కని చూసింది, చెల్లెలిని చూసింది, మళ్లీ అక్కని చూసింది. పదేళ్లుగా నిష్కారణంగా మామగారిని తిట్టిపోసిన అల్లుడి చూపు మందలో ఇంకెవరికి ఉంటుంది?

"ఆయనే" అన్నారు ఇద్దరూ.

పొద్దు అంచు కొండని తాకింది.

"పట్టుకో" అంది మేదిని.

"నువ్వు పట్టుకో. పిల్లల తల్లివి."

"నువ్వు ఒక్కరోజు బతకవే ఇక్కడ, మొండిదానా."

"మొండిదాన్ని నేనా? పుట్టినప్పటి నుంచి నీ మాటే నెగ్గాలా?"

గొంతులు లేచాయి. తొంబై తొమ్మిది పొట్టేళ్లు మళ్లీ బండ వెనక్కి పరుగు. నూరోదీ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది. "ఎక్కడికి" అంటూ కుడికొమ్ము మేదిని, ఎడమకొమ్ము తరళ ఒకేసారి దొరకబుచ్చుకున్నారు.

నల్లటి పొగ లేచింది. పొగలోంచి సువీర మహారాజు మోకాళ్ల మీద బయటపడ్డాడు. ఒళ్లంతా మనిషే. కొమ్ములు మాత్రం నెత్తి మీద అలాగే ఉన్నాయి, చెరొకటి చెరొక పెళ్లాం చేతిలో.

"మిరియాల పొడి నువ్విచ్చావా?" అన్నాడు ఆయన. మనిషయ్యాక మొదటి మాట అది.

"అది తరవాత చూసుకోండి" అంది తరళ.

ధూమకేశుడు కదురు విసిరేసి లేచాడు. "ఒక పెళ్లానికే అని చెప్పానా లేదా? ఇద్దరూ పట్టుకున్నారు, సగం మంత్రమే విడింది. ఒకతె గొర్రె కావాల్సిందే, ఆ బాకీ ఎక్కడికీ పోదు." పొగ జుట్టు భగ్గుమంది. కుండలోంచి గుప్పెడు బూడిద తీశాడు. మొహాలు చూసి పేరు పెట్టడానికి ఒక అడుగు ముందుకి వేశాడు.

మేదిని చంకలో గొంగడి విప్పింది. తన మీదా చెల్లెలి మీదా ఒక్క విసురున కప్పేసింది. ఉన్నికోట ఆడవాళ్లకి గొంగడి కింద కదలకుండా కూర్చోవడం ఒకరు నేర్పక్కర్లేదు. బయటికి రెండు నల్ల ముద్దలు తప్ప ఏమీ కనబడలేదు. మాంత్రికుడు లాగేయబోతే సువీరుడు తల వంచి కొమ్ములు చూపించాడు. వాడు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఎంతసేపు దాక్కుంటారో చూస్తాను" అన్నాడు. అంతలో వాడి మొహం వెలిగింది. "నేను చూడక్కర్లేదు. చిన్నదానికి ఉన్ని పడదు. ఇందాకట్నుంచి వింటూనే ఉన్నాను."

గొంగడి కింద చీకట్లో తరళ రెండు వేళ్లతో ముక్కు నొక్కి పట్టింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. రెండో చేత్తో రొంటిన ఉన్న చిన్న పొట్లం తీసి, తడుముకుంటూ అక్క అరచేతిలో పెట్టింది. కషాయానికని ఎప్పుడూ దగ్గరుంచుకునే మిరియాల పొడి. పదేళ్ల క్రితం ఇదే చీకట్లో అరచేతిని తాకిన వేళ్లు ఎవరివో మేదినికి ఇప్పుడు తెలుసు. ఆ రోజు చెల్లెలి పేరు వాడుకుని మొగుణ్ని తెచ్చుకుంది. ఇవాళ ఆ పేరు మీద వచ్చేదాన్ని తనే పట్టుకోవాలి. పొడి ముక్కుకి పట్టించి గట్టిగా పీల్చింది.

కుడివైపు ముద్ద అదిరిపడింది. ఒక తుమ్ము. రెండు. మూడు.

"తరళా, గొర్రెవి కా" అని అరుస్తూ ధూమకేశుడు గుప్పెడు బూడిదా ఆ ముద్ద మీదికి విసిరాడు.

బూడిద గొంగడిని తాకింది. తాకి, గాలిలో ఒక్క క్షణం ఆగింది. ఆ పేరుగల మనిషి అక్కడ లేదని దానికి తెలిసినట్టుంది. తేనెతుట్టె కదిలినట్టు గిర్రున వెనక్కి తిరిగి వాడి నెత్తిన పడింది. కొమ్ముల ఆసనం పక్కన పొగ విడిపోయేసరికి అక్కడ మాంత్రికుడు లేడు. బూడిదరంగు ముసలిగొర్రె ఒకటి నిలబడి, తన కాళ్లు తానే నమ్మలేనట్టు చూసుకుంటోంది.

సువీరుడు నెత్తి తడుముకున్నాడు. కొమ్ములు కదల్లేదు. బండ వెనక తొంబై తొమ్మిది మంది మొగుళ్లు పొట్టేళ్లుగానే ఉన్నారు. రేపటి కత్తెర తప్పింది గానీ, విడుపు మంత్రం తెలిసిన నోరు ప్రపంచంలో ఒక్కటే.

"మంత్రం చెప్పు" అన్నాడు గొర్రెతో.

"మ్మే" అంది ధూమకేశుడు. అని, ఉత్తరపు వాలులోకి ఒక్క దూకు దూకి పరుగందుకుంది. ఆ వాలు కింద ఉన్నది తోడేళ్ల దేశం. అక్కడ దాన్ని ఏ తోడేలైనా ముందు పట్టుకుందంటే ఈ కొమ్ములతోనే సింహాసనం మీద కూర్చోవాలి, ఈ కొమ్ములతోనే వెళ్లి మామగారి కాళ్లకి మొక్కాలి.

"లేవండి, అది పోతోంది" అన్నాడు సువీరుడు.

గొంగడి కింద తరళ ముక్కు వదిలేసింది. అంతసేపు ఆపుకున్నవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పక్కనే మేదినికి ఆగిన తుమ్ములు మళ్లీ మొదలయ్యాయి.

"ఇప్పుడు తుమ్మిందెవరు?" అన్నాడాయన. వెనకటి అనుభవం వల్ల గొంతులో కాస్త బెదురుంది.

గొంగడి కింద ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. ఆ చప్పుడు విని, ఇదేం వింతోనని, పెద్దబండ వెనక నుంచి తొంబై తొమ్మిది పొట్టేళ్లు ఒక్కొక్కటే తల బయటపెట్టాయి.